అలపోకాలో దిగనివాళ్ళు

టొలీడో, ఒహాయో
1994, జనవరి

ఒరేయ్ హోసియా,

ఫోన్ చేస్తే "ఆఁ? ఆఁ?" అనడం తప్ప నువ్వింకేమీ అనవు. నీకు చెవులు పోయాయి, నాకు కేకలేసే ఓపిక పోయింది. అందుకే రాస్తున్నాను. లురీన్ చేత చదివించుకోకు. నీ పెళ్ళానికి తెలిస్తే ఊరంతటికీ తెలుస్తుంది. నువ్వే కళ్ళద్దాలు పెట్టుకుని చదువు.

పోయిన ఆదివారం చర్చిలో నా పరువు పోయింది. మాకు కొత్త పాస్టరు వచ్చాడు, ఇంకా మీసాలు కూడా సరిగ్గా రాలేదు. సంఘంలో ఎవరెవరున్నారో తెలుసుకుందామని పేర్లన్నీ పైకి చదివాడు. చివర్లో "బాప్తిస్మానికి సిద్ధపడుతున్నవారు, వెర్డెల్ మోబ్లీ" అని, ముందు వరసలో కూర్చున్న చిన్నపిల్లల వైపు చూసి నవ్వాడు. "ఏదీ, మన వెర్డెల్ పాప ఎక్కడుంది?" అన్నాడు. నేను వెనక వరసలోంచి చేతికర్ర పైకెత్తాను. చర్చి చర్చంతా కడుపుబ్బా నవ్వింది. డెబ్భై మూడేళ్ళ పాపనురా నేను!

ఆరాధన అయ్యాక పాపం ఎర్రగా కందిన మొహంతో నా దగ్గరికొచ్చి, "అమ్మా, మన చర్చిలోనే కొలను ఉంది కదా, గోరువెచ్చటి నీళ్ళు. వచ్చే ఆదివారమే కానిచ్చేద్దాం" అన్నాడు. "బాబూ, ఆ నీలం పలకల తొట్టిలో నేను మా దుప్పట్లు కూడా ముంచను. దిగితే అలపోకా ఊటలో దిగుతా, లేకపోతే లేదు" అన్నాను. అలపోకా ఎక్కడుందని అడిగాడు. ఫ్లోరిడాలో, మా అమ్మ నన్ను కన్న ఇంటి పక్కనే ఉందన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. డాక్టరు నా గుండె పల్చబడిపోయిందన్నాడు. ఎన్నాళ్ళంటే చెప్పడు, కాగితాలు సర్దుకుంటాడు. చావంటే నాకు భయం లేదు. కానీ అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని "దిగుతావుగా?" అని అడిగింది, "దిగుతానమ్మా, మన నీళ్ళలోనే" అన్నాను. మాటిచ్చి ఇక్కడికొచ్చి కార్ల అద్దాలు చేసే ఫ్యాక్టరీలో బతుకంతా గడిపేశాను. దిగకుండా అక్కడికి పోయి అమ్మకి ఏం మొహం చూపించను?

నీ కంపెనీ ఊటని గవర్నమెంటుకి అమ్మేస్తోందని విన్నాను. మనవాళ్ళు దిగకుండా వేసిన కంచె తీసేస్తారట కదా. మన మౌంట్ నీబో చర్చి వాళ్ళని మళ్ళీ దిగనిస్తారేమో కనుక్కో.

ఇక్కడ మంచు పడుతోంది. చప్పుడు లేదు. మధ్యాహ్నం కునుకు పడితే మంచం మెల్లగా కదులుతున్నట్టు, కింద నీలంగా లోతుకి లోతు కనిపిస్తున్నట్టు ఉంటోంది. చెయ్యి కిందికి వేలాడేస్తే తడుస్తుందేమోనని కాసేపు అలాగే ఉంచుతాను.

నీ అక్క,
వెర్డెల్


అలపోకా ఊట, ఫ్లోరిడా
ఫిబ్రవరి

ప్రియమైన అక్కకి,

ఉత్తరం నేనే చదివాను. లురీన్ పక్కన కూర్చుని చదివింది, అది వేరే సంగతి.

నువ్వన్నట్టే కంపెనీ వెళ్ళిపోతోంది. పాముల ప్రదర్శన మూసేశారు. రంగురంగుల చిలకల్ని ఎవరో లారీలో తీసుకెళ్ళారు. బొమ్మల దుకాణంలో నారింజ మిఠాయిలు, మొసలి పళ్ళ గొలుసులు సగం ధరకి ఇచ్చేస్తున్నారు. అడుగున అద్దం బిగించిన మన పడవలు మాత్రం ఉంటాయట, కెప్టెన్లూ ఉంటామట. నాన్న చేతుల్తో చేసిన రెండో నంబరు పడవే ఇంకా నేను నడుపుతున్నాను.

నీళ్ళంటావా, నీళ్ళకేం అక్కా. పొద్దున్నే పడవ మధ్యకి తీసుకెళ్ళి మోటారు ఆపేస్తే మన కాళ్ళ కింద ఆకాశం. ఆకాశంలో చేపలు. చేపల కంటే ముందే పోతుంటాయి వాటి నీడలు. తెల్లటి ఇసక, ఇసకలోంచి ఉబికొచ్చే వెండి. రాతికింద ఎంత దూరం నడిచొచ్చిందో, అలిసిపోకుండా పాడుతూ వస్తుంది నీరు. సైప్రస్ చెట్ల గడ్డాలు నీళ్ళలో తలకిందులుగా వేలాడుతుంటాయి, పాముమెడ పిట్ట వాటి మధ్యలోంచి ఎగిరినట్టే ఈదుతుంది. నువ్వు కళ్ళు మూసుకుంటే ఏం కనపడుతుందో, అదే ఉందిక్కడ.

దిగడం మాట మాత్రం కష్టం. మొసళ్ళున్నాయి. అనుమతులు కావాలి. నీ గుండె బాగాలేదు, అంత దూరం బస్సు ప్రయాణం. ఆ కుర్ర పాస్టరు మంచివాడిలాగే ఉన్నాడు. గోరువెచ్చటి నీళ్ళంటున్నాడు కూడా. ఆలోచించు. దేవుడు పలకల తొట్టిలోకి రాడా ఏంటి?

నీ తమ్ముడు,
హోసియా


టొలీడో, ఒహాయో
మార్చి

ఏరా,

ఎవరికి చెవిలో పువ్వు పెడుతున్నావు?

"మన కాళ్ళ కింద ఆకాశం, ఆకాశంలో చేపలు." అది నాన్న పాట. రేవులో పడవ కదలగానే నాన్న అందుకునేవాడు, టోపీలూ గొడుగులూ వేసుకున్న తెల్లవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి వినేవాళ్ళు. నేను రేవు కింద నీడలో కూర్చుని పెకాన్ కాయలు కొట్టుకుంటూ ఎన్నిసార్లు విన్నానో! "అలిసిపోకుండా పాడుతూ వస్తుంది నీరు" అనే చోట గొంతు తగ్గించేవాడు, డబ్బాలో చిల్లర పడేది. దీని తరవాత రాకుమారి కథ కూడా రాస్తావనుకున్నా. రాకుమారి దువ్వెన జారవిడుచుకుంటే దానికోసం ఊట నడుమ గుంటలోకి దూకిందనీ, ఇప్పటికీ తల దువ్వుకుంటోందనీ. దాన్ని కంపెనీ దొర కల్పించాడు. మనమైతే ఆ గుంటని జావకుండ అనేవాళ్ళం, ఇసక మొక్కజొన్న జావలా కుతకుత ఉడుకుతుందని.

నీ సొంత అక్కకి ఉత్తరం రాయమంటే టికెట్ కొన్నవాళ్ళకి పాడే పాట రాసి పంపిస్తావా? నేనేమన్నా గొడుగేసుకుని వచ్చానా నీ దగ్గరికి?

నువ్వు చిన్నప్పుడు కూడా అంతే. పిండివంట దొంగతనం చేసిన రోజునే అమ్మకి కబుర్లు ఎక్కువ చెప్పేవాడివి. ఏదో దాస్తున్నావు. మొసళ్ళ సాకు నాకు చెప్పకు. దేవుడు తొట్టిలోకి రాడా అన్నావు, వస్తాడు. నేనే రాను.

ఊటకి ఏమైందో చెప్పు.

వెర్డెల్


అలపోకా ఊట, ఫ్లోరిడా
ఏప్రిల్

అక్కా,

సరే. చెప్తాను.

నీళ్ళు పోయాయి. అంటే, ఉన్నాయి. చూపు పోయింది. ఎప్పుడు మొదలైందో ఫలానా అని చెప్పలేను. పైన గుర్రాల పెంపకాలు పెరిగాయి. ఆరంజి తోటలు కొట్టేసి ఇళ్ళు కట్టారు, ప్రతి ఇంటి ముందూ పచ్చిక, పచ్చికకి ఎరువు. అదంతా ఇసకలోకి ఇంకి, రాతి కింద చీకట్లో నడిచొచ్చి మా దగ్గర తేలుతోంది. అడుగున నాచు పట్టింది. మొదట గోధుమరంగు బొచ్చులా అంచుల్లో, తరవాత ఇసకంతా. నువ్వు ఎరిగిన నీటిగడ్డి, రిబ్బన్లలాగా ఊగేది, అది కుళ్ళిపోయింది. ముల్లెట్ చేపలు రావడం మానేశాయి. ఇళ్ళ కోసం బోర్లు వేసి తోడేస్తున్నారు, ఊట ఒత్తిడి కూడా తగ్గిందంటున్నారు.

రోజూ పొద్దున పడవని గట్టుకి లాగి అద్దం కింద జిగురు గీకుతాను. గీకి, తుడిచి, జనాన్ని ఎక్కించుకుని మధ్యకి వెళ్తాను. "మన కాళ్ళ కింద ఆకాశం" అని మొదలుపెడతాను. వాళ్ళు వంగి చూస్తారు. ఆకుపచ్చ మసక తప్ప ఏమీ ఉండదు. తలెత్తి నన్ను చూస్తారు. మళ్ళీ వంగుతారు, తమ కళ్ళదే తప్పేమోనని. పోయిన నెల ఒకాయన "కెప్టెన్, నువ్వు చెప్పేది ఇవాళ్టి నీళ్ళ గురించేనా?" అని మర్యాదగానే అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా పాట ఆపలేదు. ఆపితే నాకు ఏం చెప్పాలో తెలీదు. అరవయ్యారేళ్ళ వాణ్ణి, ఈ పాట తప్ప నాకేమీ రాదు.

నీకు అబద్ధం రాయాలని రాయలేదు. రాస్తూ ఉంటే పాటే వచ్చింది. రాస్తున్నంతసేపూ నీళ్ళు తేటగానే కనిపించాయి, నాకు హాయిగా ఉండింది.

నువ్వు రావద్దక్కా. అడగాల్సింది నేను అడగలేదు, అడగను కూడా. నీ చిన్నప్పుడు కంపెనీ వాళ్ళు కంచె వేసి నీ బాప్తిస్మం ఆపేశారు, ఆ అన్యాయం చాలు. ఇన్నేళ్ళు ఎదురుచూసి వచ్చి ఈ మురికిలో దిగడం నేను చూడలేను. నీ తలలో ఉన్న అలపోకా ఒక్కటే మిగిలింది. దాన్ని పాడుచేసుకోకు.

హోసియా


టొలీడో, ఒహాయో
మే

ఒరేయ్ పిచ్చి సన్నాసీ,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. నీటిగడ్డి పోయిందన్న చోట ఏడ్చాను. తరవాత నవ్వొచ్చింది. నవ్వి నవ్వి పక్కింటావిడ తలుపు కొట్టింది, బాగానే ఉన్నానా అని.

ఎందుకో చెప్తాను విను. నా బాప్తిస్మం కంచె వల్ల ఆగలేదు. అప్పటికి నీకు అయిదేళ్ళు, నీకేం గుర్తుంటుంది, అమ్మ చెప్పిందే నీకు తెలుసు.

ఆ ఆదివారం మేం పదిమందికి పైగా పిల్లలం, తెల్లటి అంగీలు వేసుకుని గట్టు మీద వరసగా నిలబడ్డాం. అంగీ నీళ్ళలో పైకి తేలకుండా అంచులో సీసం గుళ్ళు కుట్టేవాళ్ళు కదా, అవి నా మడమలకి తగులుతున్నాయి. వరసలో నేనే ముందు. ఎప్పుడూ డీకన్ టల్లీ పొడుగాటి కర్రతో ముందు దిగి, అడుగు పొడుచుకుంటూ, నీళ్ళ కింద రాతిగట్టు ఎక్కడిదాకా ఉందో చూసేవాడు. ఆయన ఆగమన్నచోట పాస్టరు ఆగేవాడు. ఆ రోజు ఆయనకి జ్వరం. ఇంకెవరినైనా కర్ర పట్టుకోమంటే పాస్టరు సైక్స్ వద్దన్నాడు. "కర్రెందుకు? ప్రభువు అడుగుదాకా కనిపించేట్టు చేశాడు కదా!" అని దర్జాగా నాలుగడుగులు వేశాడు.

ఆ నీళ్ళ మోసం నీకు తెలీందేముంది? మోకాలి లోతనుకున్న చోట తాటిచెట్టంత లోతు. అయిదో అడుగుకి మనిషి నిలువునా దిగిపోయాడురా! టోపీ మాత్రం పైన తేలుతోంది. అన్నీ కనిపిస్తున్నాయి నాకు. బూట్ల గుండీలు, గడియారం గొలుసు, గాలికి ఎగిరినట్టు విచ్చుకున్న కోటు. జుట్టు పట్టి లాగేయొచ్చన్నంత దగ్గరగా ఉన్నాడు. కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు. నోట్లోంచి బుడగలు ఒకదాని తరవాత ఒకటి తీరిగ్గా పైకొస్తున్నాయి. రెండు చేపలొచ్చి ఆయన చెవి దగ్గర ఆగి చూశాయి. ఎంత అందంగా ఉందో చెప్పలేను. అంత భయం మళ్ళీ జన్మలో వెయ్యలేదు నాకు.

గెడలు వేసి ఆయన్ని పైకి లాగారు. దగ్గి, ఉమ్మేసి, పెద్దగా నవ్వాడు. "ముందు నాకే అయిపోయింది బాప్తిస్మం! రా తల్లీ" అని చెయ్యి చాపాడు. నేను వెనక్కి తిరిగి పరుగు! సీసం గుళ్ళు మడమలకి కొట్టుకుంటూ, పాల్మెటో ఆకులు కాళ్ళు చీరేస్తూ, ఇంటికెళ్ళి వసారా కిందికి దూరాను. జనం ముక్కున వేలేసుకున్నారు. అమ్మ తల ఎత్తుకోలేకపోయింది. తరవాతి బాప్తిస్మాల నాటికి కంపెనీ వాళ్ళు కంచె వేశారు, నల్లవాళ్ళు నీళ్ళలోకి దిగకూడదని బోర్డు పెట్టారు. అమ్మ ఆ కంచెనే సాకుగా పట్టుకుంది. "కంచె రాకపోతే మా వెర్డెల్ దిగేదే" అని అందరికీ చెప్పింది. నేనూ అదే చెప్పి చెప్పి, నిజమేననుకున్నాను. కంచె అన్యాయం కాదని అనడం లేదు. మిగతా పిల్లలందరికీ అదే అన్యాయం.

ఇప్పుడర్థమైందా? ఏ తొట్టి దగ్గరికెళ్ళినా అడుగు కనిపిస్తుంది, పాస్టరు సైక్స్ కింద నిలబడి నన్ను చూస్తుంటాడు. నువ్వేమో నీళ్ళు మసకబారాయని, రావద్దని ఏడుస్తున్నావు. మసకగా ఉంటేనేరా నేను దిగగలిగేది! కాళ్ళ కింద ఏముందో నాకు కనపడకూడదు.

నీ ఊటకి పట్టిన గతికి నాకూ బాధే. అయినా కళ్ళు పోయిన చుట్టాన్ని చూడ్డానికి వెళ్ళమా ఏంటి? వెళ్ళి అడుగు. కర్ర మాత్రం నువ్వే పట్టుకోవాలి.

అక్క


అలపోకా ఊట, ఫ్లోరిడా
జులై

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం లురీన్‌కి చదివి వినిపించాను. టోపీ తేలిన చోట ఆవిడకి పొలమారింది. మౌంట్ నీబోలో ఇప్పుడు అందరికీ తెలుసు. నామీద అరవకు, నాకు ముందే తెలుసు ఇలా అవుతుందని.

అడిగాను. గవర్నమెంటు తరఫున మిస్ హాల్వర్సన్ అని ఒకావిడ వచ్చింది, మిన్నెసోటా మనిషి, ఎండకి ముక్కు తోలు ఊడిపోతూ ఉంటుంది. రేవులో కూర్చుని నీళ్ళని సీసాల్లో పడుతోంది, పరీక్షలకి. పక్కన నిలబడి చెప్పాను, మా సంఘం ఒక్క ఆదివారం దిగాలనుకుంటోందని. "ఇక్కడ ఎప్పటినుంచి బాప్తిస్మాలు ఇచ్చేవారు?" అంది. కంచెకి ముందు ఎప్పుడూ ఇక్కడేనన్నాను. సీసాకి మూత బిగించి, "అయితే కాదనడానికి నేనెవర్ని? మొసళ్ళని నేను చూసుకుంటా, తెడ్డు పట్టుకుని గట్టు మీదుంటా" అంది. అంతే. ఎన్నో రాత్రులు నిద్ర చెడగొట్టుకుని మాటలు కూడబెట్టుకున్నాను, సగం కూడా వాడలేదు.

అక్టోబరు మొదటి ఆదివారం. మా పాస్టరు ఓగిల్స్‌బీ ఒప్పుకున్నాడు. లురీన్ నీకు అంగీ కుడుతోంది, అంచుకి నా గాలాల సీసం గుళ్ళన్నీ ఎత్తుకుపోయింది.

కర్ర మాత్రం నాకొద్దు. వేరే ఎవరినైనా చూస్తాను.

ఎందుకని అడుగుతావు. నేను ఆ నీళ్ళలో ఎప్పుడూ దిగలేదక్కా. చేతులు తడిశాయి, మోకాళ్ళు ఎప్పుడూ తడవలేదు. నాన్నా అంతే. పడవ మీద నువ్వు రాజువి, అంచు దాటి కాలు పెడితే ఉద్యోగం పోతుంది, అదీ రూలు. తరవాత చట్టం మారింది, మనవాళ్ళూ ఎక్కడైనా ఈదొచ్చన్నారు. ఆ ఏడాదే కంపెనీ కొత్త బోర్డు పెట్టింది, మొసళ్ళున్నాయి, ఎవరూ దిగకూడదని. అంతకుముందు తెల్లవాళ్ళు ఈదినన్నాళ్ళూ ఆ మొసళ్ళు ఎక్కడికి పోయాయో!

నాకు ఈత రాదు. ప్రతి రాయి పేరూ తెలుసు, ప్రతి గుంట లోతూ తెలుసు, అన్నీ పైనుంచే. ఊరంతా చూస్తుండగా కెప్టెన్ హోసియా గాస్కిన్ కాళ్ళు వణుకుతూ నిలబడాలా? నావల్ల కాదు.

తమ్ముడు


టొలీడో, ఒహాయో
ఆగస్టు

హోసియా,

ఎక్కువ రాయలేను. పది రోజులు ఆసుపత్రిలో పడుకోబెట్టారు. ఇల్లు కదలొద్దన్నాడు డాక్టరు. బస్సు మాటెత్తితే చేతులు పైకెత్తాడు. నేను వింటున్నట్టు తలూపాను.

దారిలో పోతే అట్లాంటా దగ్గర పోకూడదు, అక్కడ బస్టాండులో కాఫీ బాగోదు. ఇక్కడ మంచంలో పోవడం కంటే అదే నయం.

కానీ నువ్వు కర్ర పట్టుకోకపోతే నేను రాను. బెదిరింపు కాదు. ఇంకొకరి కర్రని నేను నమ్మలేను. అడుగు కనపడకుండా ఉంటే దిగుతానన్నానే గానీ, అడుగు లేకుండా దిగుతాననలేదు. ఆ గట్టు ఎక్కడిదాకా ఉందో, ఎక్కడ తెగుతుందో నీకు తెలుసు. నువ్వు చూసినప్పుడు అది కనిపించేది. వెనకనుంచి పట్టుకోవడానికి నాకు నీ చొక్కా దొరకాలి.

కాళ్ళు వణికితే వణకనీ. నావీ వణుకుతాయి.

వెర్డెల్


అలపోకా
సెప్టెంబరు

అక్కా,

కర్ర కోశాను. సైప్రస్ కొమ్మ. నా భుజం ఎత్తుంది.

రా.

హోసియా


అలపోకా ఊట, ఫ్లోరిడా
అక్టోబరు చివర

ప్రియమైన అక్కకి,

నువ్వు క్షేమంగా చేరావని నీ పక్కింటావిడ లురీన్‌కి ఫోన్ చేసింది. డాక్టరు నిన్ను చూసి మళ్ళీ కాగితాలు సర్దుకున్నాడట కదా.

బస్సెక్కేముందు అన్నావు, "కళ్ళు గట్టిగా మూసుకున్నాను, ఏం జరిగిందో నాకే తెలీదు, ఉన్నదున్నట్టు రాసి పంపు, పాట కట్టావంటే చంపేస్తా" అని. రాస్తున్నాను.

ఆ పొద్దున గాలి చల్లబడింది. నీళ్ళ మీద పొగమంచు, మనిషి నడుమంత ఎత్తు. అవతలి గట్టు లేదు. గట్టు మీదున్న మనవాళ్ళు కూడా ఉన్నట్టూ లేనట్టూ ఉన్నారు. ఎవరో ముసలావిడ పాటలో ఒక్క చరణం అందుకుంటే, అందరూ దాన్ని సాగదీసి సాగదీసి పాడారు. ఎక్కడో బురదకొంగ అరిచింది. మిస్ హాల్వర్సన్ తెడ్డు పట్టుకుని సైనికుడిలా నిలబడింది.

నేను ముందు దిగాను. బూట్లు విప్పి, పాదం పెట్టాను. చల్లగా ఉంది. ఏడాది పొడుగునా ఒకే చల్లదనం అని వేలమందికి చెప్పాను నేను, వేసవిలో చల్లన, చలికాలంలో వెచ్చన అని. ఒంటి మీదికి వస్తే గానీ దాని అర్థం తెలీలేదు. మోకాళ్ళు వణికాయి. ఊరంతా చూసింది. ఎవరూ నవ్వలేదు.

కర్రతో పొడుచుకుంటూ నడిచాను. నాచు కాళ్ళకి చుట్టుకుంది. నువ్వు వెనకనుంచి నా చొక్కా ఎంత గట్టిగా పట్టుకున్నావంటే మెడ గుండీ తెగింది. ఛాతీ లోతుకొచ్చాక కర్ర కింద ఏమీ తగల్లేదు. అక్కడ గట్టు తెగుతుంది. పేరు కూడా తెలుసు నాకు ఆ అంచుకి. ఒకడుగు వెనక్కి వేసి, "ఇక్కడ" అన్నాను.

"ఏమైనా కనపడుతోందా?" అన్నావు నువ్వు, కళ్ళు మూసుకునే.

"ఏమీ లేదక్కా. ఒట్టి ఆకుపచ్చ."

"దేవుడికి స్తోత్రం" అన్నావు. పాస్టరు ఓగిల్స్‌బీకి నవ్వాగలేదు, అందుకే ఆయన వాక్యం మధ్యలో తడబడ్డాడు. నువ్వు భక్తి అనుకున్నావేమో.

ఆయన నీ వీపు కింద ఒక చెయ్యి, ముక్కు మీద ఒక చెయ్యి వేసి నిన్ను వెనక్కి వాల్చాడు. నువ్వు వెళ్ళిపోయావు. అక్కా, నువ్వు నాకు కనపడలేదు. మూరెడు దూరంలో ఉన్నావు, నీ తెల్లటి అంగీ కూడా కనపడలేదు. బతుకంతా ఆ నీళ్ళలో చీమ పాకినా చూపించినవాణ్ణి, సొంత అక్క ఎక్కడుందో చూడలేకపోయాను. ఒక్క క్షణమే. ఆ క్షణంలో నిన్ను తీసుకొచ్చి చంపుకున్నాననుకున్నాను. కర్ర వదిలేసి రెండు చేతులూ నీళ్ళలో పెట్టి వెతికాను, నీ మోచెయ్యి దొరికింది.

నువ్వు పైకొచ్చావు. చెవి మీద నాచు పోగు. నోరు తెరిచి "అమ్మా!" అన్నావు. అంత పెద్ద కేక నాకు ఈ చెవుల్తో కూడా వినపడింది. అమ్మని పిలిచినట్టు కాదు, అమ్మ ఎదురుగా వచ్చినట్టు. గట్టు మీద పాట ఆగిపోయింది. నేను ఏడ్చాను. నీళ్ళలో ఉంటే తెలీదనుకున్నాను గానీ లురీన్ చూసిందట.

నువ్వెలా గట్టెక్కావో నీకు తెలుసు, నలుగురు పట్టుకున్నారు, దుప్పటి కప్పారు. తరవాత ఏం జరిగిందో నువ్వు చూడలేదు, తిండి దగ్గరికి తీసుకెళ్ళిపోయారు నిన్ను.

అందరూ వెళ్ళిపోయాక నేనింకా నీళ్ళలోనే ఉన్నాను, నా కర్ర తేలుతూ జావకుండ వైపు పోతోంది. దానికోసం నేను రెండడుగులు పక్కకి వేశాను, నీళ్ళ కింది గట్టు మీదే. అప్పుడు అరికాళ్ళకి తగిలింది. కింద రాతి పగుళ్ళలోంచి నీళ్ళు నెడుతున్నాయి. మెత్తగా, ఆగకుండా. రోజుకి ఇన్ని లక్షల గాలన్లని జనానికి లెక్కలు చెప్పేవాణ్ణి, అది తోస్తుందని నాకెవరూ చెప్పలేదు. పైనుంచి చూస్తే అది తెలియదు. ఊట చచ్చిపోయిందనుకుంటున్నాను కదా ఇన్నాళ్ళూ. చావలేదక్కా. దాని బలమంతా నా పాదాల కింద ఉంది. నన్ను కొంచెం ఎత్తుతోంది కూడా.

మిస్ హాల్వర్సన్ గట్టు మీంచి నావైపు చూసింది. ఇంక బయటికి రమ్మంటుందనుకున్నాను. ఆవిడ తెడ్డు పక్కన పెట్టి, గట్టు మీద చతికిలబడి, "నాకేం తొందర లేదు, కెప్టెన్" అంది.

నేను మెడదాకా కూర్చున్నాను. కోడి వేపుడు చల్లారిపోతోందని లురీన్ మూడుసార్లు కేకేసింది. చల్లారనీ అన్నాను.

నీ తమ్ముడు,
హోసియా